ఆడపిల్లకి మురికెందుకన్నారు

నాకు కోపం ఎక్కువని న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మా వరసంతటికీ తెలుసు. కుళాయి దగ్గర నేను బిందె పెడితే నోరెత్తకుండా పక్కకి జరిగేవాళ్ళున్నారు. అయినా నన్ను తిట్టినవాళ్ళ మీద కూడా రానంత కోపం, నా మీద జాలిపడ్డవాళ్ళ మీద వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

మా నాన్న ఇక్కడి రైల్వే కార్ఖానాలో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మూడు తరాలుగా ఖరగ్‌పూర్ ఇనుములో చేతులు పెట్టిన కుటుంబం మాది. ఒకరోజు పొద్దున డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. నేనొక్కదాన్నే సంతానం, డిగ్రీ పాసై ఇంట్లో ఉన్నాను. కార్ఖానాలో ఒక్కో విభాగాన్ని షాపు అంటారు; నాన్న పనిచేసిన షాపులోనే నన్ను హెల్పరుగా వేశారు.

అక్కడ పనేమిటో చెప్పాలి. బయట జనం రైలు పెట్టెనే బోగీ అంటారు. మాకు బోగీ అంటే పెట్టె కింద చక్రాలు, స్ప్రింగులు ఉండే చట్రం. దాన్ని ఊడదీసి, అరిగినవి మార్చి, మళ్ళీ బిగించడమే మా షాపు పని. హెల్పరు ఫిట్టరు పక్కన నిలబడి నేర్చుకోవాలి. కొన్నాళ్ళకి ట్రేడ్ టెస్టు పెడతారు. పరీక్ష పెట్టే ఆయన ఒక పని చూపించి చెయ్యమంటాడు. చేస్తే ఫిట్టరు, చెయ్యలేకపోతే రిటైరయ్యేదాకా హెల్పరు. నాకు ఫిట్టరు కావాలని ఉంది. నాన్న మీద ప్రేమతోనో, ఆశయంతోనో అనుకోకండి. బతికినంతకాలం ఎవడికో స్పేనరు అందిస్తూ బతకడం నావల్ల కాదు, అంతే.

మొదటి రోజు గేటు దగ్గర చిన్నాన్న నాకోసం కాచుకుని ఉన్నాడు. రక్తసంబంధం కాదు. నాన్న గేంగులో మేస్త్రి, నాన్నతో ఒకే గిన్నెలో తిన్నవాడు. నన్ను చూడగానే భుజం మీద తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. షాపులోకి తీసుకెళ్ళి, బెంగాలీ సూపర్‌వైజరు గదిలో ఫ్యాను కింద ఒక కుర్చీ చూపించాడు.

"ఇక్కడ కూకోయే తల్లీ. ఆడపిల్లవి, నీకెందుకా మురికి? మీ నాన్నతో కలిసి తిన్నోలిమి, నీ సేత గ్రీజు పట్టిత్తామేటి?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎంత మంచివాళ్ళో అనుకుని. నా తలకాయ! ఆ కుర్చీ ఏమిటో వారం తిరిగేసరికి తెలిసింది. పక్కనే హీటరు, దాని మీద కెటిల్. దాదాకి, అంటే ఆ సూపర్‌వైజరుకి, చక్కెర లేకుండా, మేస్త్రులకి చక్కెర దండిగా, వచ్చిపోయే ఆఫీసర్లకి అల్లం వేసి. నా డిగ్రీ అంతా ఎవరి గ్లాసులో ఎన్ని చెంచాలో గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చింది. గ్లాసులు కడిగేదాన్ని, ఫ్యాను రెక్కల మీద దుమ్ము తుడిచేదాన్ని, తలుపు మీద పటానికి పువ్వులు మార్చేదాన్ని. గది అద్దంలోంచి బయట సుత్తి దెబ్బలు కనపడేవి. నాతో పాటు చేరిన కుర్రాళ్ళు మోచేతుల దాకా నల్లగా చేసుకుని, ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుకుంటూ సబ్బు కోసం వచ్చేవాళ్ళు. ఆ సబ్బు కూడా నేనే ఇచ్చేదాన్ని.

ఇంటికెళ్ళి అమ్మతో చెబితే అమ్మ నన్నే తిట్టింది.

"ఎండ నేదు, ఉక్క నేదు. ఫ్యాను కింద కూకోబెట్టి జీతమిత్తన్నారు. ఇంకేటి కావాలే నీకు? మీ నాన్న బట్టలు ఉతికి ఉతికి నా సేతులు పోనాయి. ఇప్పుడు నీయి కూడా ఉతకమంటావేటి?"

"నావి నేనే ఉతుక్కుంటానులే" అన్నాను.

"ఉతుకుతావు, ఉతుకుతావు! సూత్తాను కదా" అని మూతి తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ట్రేడ్ టెస్టు వచ్చింది. నాతో చేరిన కుర్రాళ్ళంతా వెళ్ళారు. నా పేరు పంపలేదు. దాదా దగ్గరికెళ్ళి అడిగాను. ఆయన నేనిచ్చిన టీ చప్పరిస్తూ చిరునవ్వు నవ్వాడు.

"తుమ్ క్యా టెస్ట్ దేగా, బేటీ? కామ్ తో కియా నహీ."

పని చెయ్యనివ్వనిదీ ఆయనే, పని చెయ్యలేదన్నదీ ఆయనే! ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న పళ్ళెం అక్కడే పడేసి బయటికొచ్చేశాను. చిన్నాన్న వెంటపడి వచ్చి, "అంత కోపమైతే ఎలాగే? హాయిగా ఉన్నావు కదా. మేమంతా లేమేటి?" అన్నాడు. అదే నా ఏడుపు. వాళ్ళంతా ఉండబట్టే నేను లేకుండా పోయాను. ఎవరైనా ద్వేషిస్తే ఎదురు తిరగొచ్చు. తల నిమిరే చేతిని ఏం చేస్తాం? విదిలిస్తే మనమే చెడ్డవాళ్ళం.

మా షాపు చివర ఒక పిట్ ఉంది. పట్టాల మధ్య పొడుగ్గా తవ్విన సిమెంటు గొయ్యి. రిపేరుకొచ్చిన పెట్టెని దాని మీద నిలబెడతారు. ఫిట్టరు ముట్టుకునే ముందు పెట్టె అడుగున పేరుకున్నదంతా గోకెయ్యాలి. నూనె, దుమ్ము, బ్రేకుల పొడి, పట్టాల మీద ఎగిరిపడ్డ సమస్తం, అన్నీ కలిసి ఎండి రాయిలా బిగిసి ఉంటాయి. ఇప్పుడు మరుగుదొడ్ల కింద ట్యాంకులు వచ్చాయి, కిందకేమీ పడదు అంటారు చదువుకున్నవాళ్ళు. ఒక్కసారి ఆ ట్యాంకుల చుట్టూ గోకి చూసి అప్పుడు చెప్పమనండి. ఆ పని మా మేస్త్రులు చెయ్యరు, హెల్పర్లూ చెయ్యరు. కంట్రాక్టరు మనుషులు చేస్తారు. అందరూ ఆడవాళ్ళే. కొందరు సాలువా వైపు ఊళ్ళనుంచి వస్తారు, కొందరు ఊళ్ళోని బస్తీల నుంచి.

అలిగి బయటికొచ్చిన ఆ రోజే పిట్‌లోంచి ఒకామె పైకెక్కుతోంది. కనుబొమల దాకా నలుపు, కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. నా పక్కనున్న చిన్నాన్న, అప్పుడే నన్ను బుజ్జగించిన అదే నోటితో, "ఏయ్ మాసీ! ఆ మూల గోకనేదు. మల్లీ దిగు" అని అరిచాడు. మాసీ అంటే ఇక్కడ పిన్ని అని కాదు, అంట్లు తోమే మనిషి అని. ఆమె మళ్ళీ దిగింది.

"చిన్నాన్నా, ఆవిడ ఆడది కాదా?" అన్నాను.

"ఆల్ల సంగతేరే."

"ఏంటి వేరు?"

"ఏటంటే ఏటి సెప్పనూ? ఆల్లు సేసే పనే అది."

గోతిలోంచి ఆమె తల పైకెత్తి మమ్మల్ని చూసింది. ఆమెకి అంతా అర్థమైంది, ఎందుకంటే ఆమెదీ తెలుగే. పూరీ గేట్ అవతల బస్తీలో ఉంటుందట. వాళ్ళ తాతా శ్రీకాకుళం వైపు నుంచే వచ్చాడట, మా తాతలాగే పని వెతుక్కుంటూ. మా తాతకి కార్ఖానాలో పని దొరికింది, వాళ్ళ తాతకి దొరకలేదు. తేడా అంతే. ఇదంతా ఆమె నాకు తర్వాత చెప్పింది. నేను ఆమెని అత్తా అని పిలుస్తాను.

మర్నాడు డ్యూటీకి రాగానే కెటిల్ బోర్లించి, తలకి గుడ్డ చుట్టుకుని పిట్‌లోకి దిగాను.

"ఓలమ్మో! నువ్వేటిక్కడ? ఎల్లెల్లు! నా పని పోగొడతావేటి?" అని అత్త హడలిపోయింది.

"నీ పని ఎవరూ తియ్యరు. నీ చోటుకి ఇంకెవరొస్తారు? నాకు కూడా ఒకటియ్యి" అని గోకుడు పార కోసం చెయ్యి చాపాను.

ఆమె పక్కనున్న పార తీసి నా చేతిలో పెట్టింది. "నోరు మూసుకుని గోకు. తెరిత్తే నోట్లోనే పడతాది" అంది.

అంత మంచి సలహా నాకు ఆ షాపులో అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. చేతులు పైకెత్తి గోకాలి. గోకినదంతా మన మీదే పడుతుంది, మెడ మీద, జుట్టులో, జాకెట్టు లోపల. వాసన గొంతులో దిగి కూర్చుంటుంది. గడియ తిరగకుండానే కడుపులోదంతా బయటికొచ్చింది. అత్త పక్కకి తిరిగి నవ్వింది, నవ్వి తన సీసాలో నీళ్ళిచ్చింది. పుక్కిలించి ఊసి మళ్ళీ మొదలుపెట్టాను. భుజాలు పీకేస్తున్నాయి. పార ఒక్కొక్కసారి లాగినప్పుడల్లా ఒక్కొక్కరిని తిట్టుకున్నాను. దాదాని, కుర్చీని, ఫ్యానుని, నన్ను చూసి 'అదృష్టవంతురాలు' అన్న మా వీధివాళ్ళని. కోపం ఉంటే పని ఎంత త్వరగా సాగుతుందో!

టీ రాకపోయేసరికి నన్ను వెతికారు. భోజనాల బెల్లు కొట్టేసరికి షాపంతా పిట్ చుట్టూ నిలబడింది. చిన్నాన్న మొహం ఎర్రగా కందిపోయింది.

"పైకి రాయే! గేంగులో పెద్ద ఫిట్టరు కూతురువి, ఆ గోతిలో ఏటే నీకు? మా పరువేటైపోతాది?"

"మురికి పని అడిగాను చిన్నాన్నా. మీరివ్వలేదు. ఇక్కడ దొరికింది."

"ఈ మురికి కాదే! ఈ మురికి మనది కాదు!"

అదీ లోపలున్న మాట. అన్నాళ్ళు ఆడపిల్లవి, ఆడపిల్లవి అని నా నెత్తిన పెట్టిన జాలి వెనక ఉన్నది ఇదన్నమాట. గ్రీజు మగవాళ్ళది, ఇది వీళ్ళది, నాకు కుర్చీ. ఎవరి మురికి వాళ్ళకి పంచిపెట్టేశారు, ఎవడడిగాడో మరి! ఆ మాట విన్నాక ఇంకో అంగుళం కూడా కదలకూడదని పట్టుపట్టి కిందే నిలబడ్డాను.

చివరికి చిన్నాన్నే మెత్తబడ్డాడు. "నీకు స్పేనరే కదా కావాల? ఇత్తాం. రేపట్నుంచి నా గేంగులోకి రా. దాదాకి నాను సెప్తాను. ముందు పైకి రా తల్లీ, నీకు దండం పెడతాను" అన్నాడు. వెనకాల దాదా తలూపి "ఠీక్ హై, ఠీక్ హై" అన్నాడు. చిన్నాన్న గట్టు మీద వంగి చెయ్యి చాపాడు. మధ్యలో అత్త నిలబడి ఉంది. "తప్పుకో మాసీ" అన్నాడు. ఆమె గోడకి ఆనుకుని దారిచ్చింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని పైకొచ్చాను.

చెప్పొద్దూ, ఆ తర్వాత చిన్నాన్న నాకు ఏదీ దాచుకోకుండా నేర్పాడు. స్ప్రింగు ఎలా నొక్కి పెట్టాలో, బోల్టు బిగిసిపోతే ఎలా లొంగదియ్యాలో, ఏ చప్పుడు మంచిదో, ఏది కాదో. వేళ్ళు చితికాయి, గోళ్ళ కింద నలుపు ఎప్పటికీ పోకుండా ఉండిపోయింది. నా బట్టలు నేనే ఉతుక్కున్నాను. తర్వాతి టెస్టుకి నా పేరు పంపారు, పాసయ్యాను. ఆ రోజు ఆనందం లేదంటే అబద్ధం. అమ్మ వీధంతా తిరిగి చెప్పుకుంది. దాదా స్వీట్లు తెప్పించాడు. మమ్మల్ని మర్చిపోకు అన్నారు అందరూ. కృతజ్ఞత ఉండాలట నాకు! దేనికి? నేను చెయ్యగలనని నమ్మి ఇచ్చారా? ఆవిడ పక్కన నన్ను చూడలేక ఇచ్చారు. 

విశ్వకర్మ పూజ రోజు కార్ఖానా గేట్లు తెరుస్తారు. ఇంటిల్లిపాదీ వస్తారు. ఎవరి మిషను వాళ్ళు పెళ్ళాం పిల్లలకి చూపించుకునే రోజు అది. ఫిట్టరునయ్యాక వచ్చిన మొదటి పూజకి మా షాపులో విగ్రహం ఆ పిట్ మీదే పెట్టారు. ముందురోజు ఆడవాళ్ళ చేత గొయ్యి ఫినాయిలుతో కడిగించి, పైన చెక్క పలకలు పరిచి, తివాచీ వేసి, బంతిపూలు కట్టారు. అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. నేను బిగించిన బోగీ చూపిస్తే వేలితో తాకి చూసి, వేలు కొంగుకి తుడుచుకుని, "బాగుందే" అంది. అమ్మ నోట ఆ మాట రావడమే గొప్ప.

అప్పుడు అత్త వచ్చింది. ముందు పోల్చుకోలేదు. ఆమె మొహం నేను అంత శుభ్రంగా ఎప్పుడూ చూడలేదు. ఇస్త్రీ చీర, పక్కన కాలేజీ చదివే కూతురు. అందరూ అందరికీ ఏదో చూపిస్తున్నారు. ఆ పిల్ల చుట్టూ చూసి, "నీ జాగా ఏదే అమ్మా?" అని అడిగింది.

అత్త తివాచీ వైపు చూసింది. చిన్నాన్న ప్రసాదం పంచుతున్నాడు. "పండగ పూట ఆ మాటలెందుకు మాసీ? ఇదిగో, పెసాదం తీస్కోండి" అన్నాడు. అత్త చెయ్యి చాపింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. తివాచీ అంచు పట్టుకుని లాగేశాను. వంగి పలక కొన పట్టుకున్నాను.

"ఏటే, ఏటి సేత్తన్నావు? సామి కూకున్నాడక్కడ!"

"స్వామి ఆ చివరున్నాడు. ఇది ఈ చివర" అని పలక ఎత్తి పట్టుకున్నాను. ఫినాయిలు వాసన గుప్పుమంది. పూజకొచ్చిన జనం వెనక్కి జరిగారు. అమ్మ నా పేరు పెట్టి అరిచింది.

అత్త కూతురి చెయ్యి పట్టుకుని గట్టు దాకా వచ్చింది. కిందకి వేలు చూపించింది. గొంతులో కోపం లేదు, దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది.

"ఇక్కడేనే. ఈ పక్క నాను, ఆ పక్క ఈ పాప. ఒకరోజు ఇద్దరం కలిసే గోకినాం. ఎవరు ఎవరో మొకాలు కూడా తెలీనేదు, అంత నలుపు. సెయ్యి మాత్రం ఈ పాపకే అందించినారు."

"మూసెయ్యే" అన్నాడు చిన్నాన్న, నా వైపు చూడకుండా.

నేను ముయ్యలేదు.