లారీ ట్యూబులో గోబర్ గ్యాస్, వాకిట్లో విమానం ఇంజిన్

ఆ రోజుల్లో రుజువు లేని మాటను నమ్మడం నాకు చాతకాదు. ఇప్పుడైనా చేతనవునా అంటే సందేహమే గాని, అప్పటి అవిశ్వాసానికి యవ్వనపు బిగువు కూడా తోడై ఉండేది. రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, బొగ్గు పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం దొరికి బిలాస్‌పూర్ చేరాను. ఫలానా రకం బొగ్గని అమ్మినవాడు అనడం, కాదని కొన్నవాడు అనడం, ఇద్దరి మాటా నమ్మకుండా దాన్ని కాల్చి చూసి నిజం చెప్పడం నా పని. అటువంటి పని చేసేవాణ్ణి ఎవరూ టీకి పిలవరు. ఊళ్ళో తోర్వా అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. నా హిందీ పాఠ్యపుస్తకాల హిందీ (అందులో బేరమాడడం కుదరదు, హాస్యమాడడం అంతకన్నా కుదరదు). ఆదివారం నేను నోరు తెరిచి పలికే మొదటి మాట, చాలాసార్లు చివరి మాట కూడా, సాయంత్రం టీ కొట్టువాడితో చెప్పే "ఏక్ చాయ్". పెదవులు మాటకు అలవాటు తప్పుతున్నాయేమోనని ఒకసారి గదిలో గట్టిగా మూలకాల పట్టిక చదివి చూసుకున్నాను. తప్పలేదు.

అటువంటి రోజుల్లో రైల్వే బజారులో కరివేపాకు ఏరుకుంటూ ఉంటే నా వెనక ఎవరో, "ఏటిది, రొట్టకి కూడా రేటేనేటి?" అన్నారు. ఆ "ఏటి" వినగానే నేను తిరిగిన వేగం చూసి ఆయనే భయపడ్డాడు. ఆయనది శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం; డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. వీధి వీధంతా ఆయన్ను ఇంజిన్ బాబాయి అనేది. నా ఉద్యోగం సంగతి వినగానే ఆయన ముఖం వెలిగింది. "అయితే నివ్వు గ్యాస్ లెక్కలు కట్టగలవన్నమాట. రా బావూ, మా ఇంటికాడ ఇమానం ఉంది" అన్నాడు. నేను నమ్మలేదు. చూసి కాదని చెప్పడానికే వెళ్ళాను.

ఇమానం లేదు గాని, దాని ఇంజిన్ ఉంది. ఎప్పుడో మూతబడిన ఏదో ఫ్లయింగ్ క్లబ్బుది, తుక్కు వర్తకుల చేతులు మారుతూ వచ్చి బాబాయి వాకిట్లో ఇటుకల మీద నిలబడి ఉంది. నాలుగు సిలిండర్లు వరసగా ఆకాశం వైపు చూస్తున్నాయి. "లారీవోడు దీన్ని తలకిందల దింపీసి ఎలిపోనాడు బావూ, సిలిండర్లు కిందకెట్టి. బుద్ధున్నోడు సేసీ పనేనా? షెడ్డోళ్ళని పిలిసి తిరగేసి, మళ్ళీ సరిగ్గా నిలబెట్టీసినాం" అని తన కష్టం చెప్పుకున్నాడు. దాన్ని గోబర్ గ్యాస్ మీద తిప్పాలన్నది ఆయన సంకల్పం. పెట్రోలు అక్కర్లేదు, వీధికంతటికీ దీపాలు వెలుగుతాయి, ఒకప్పుడు ఈ ఇంజిన్ మీద ఒక రాజుగారు ప్రయాణం చేశారు: ఇలా ఒక్క ఊపులో ఎన్నో ప్రకటనలు చేశాడు. నేను జేబులోంచి పెన్ను తీశాను. ఆ క్షణం నుంచి నా ఆదివారాలకు ఒక చిరునామా దొరికింది.

వారం వారం ఆయన ఒకటి అనేవాడు, నేను దాన్ని కొట్టివేసేవాణ్ణి, పిన్ని అన్నం వడ్డించేది. వీధి దీపాలు వెలగవని తేల్చాను (గోబర్ గ్యాసులో సగానికి కాస్త తక్కువ భాగం కాలని వాయువే కనుక బలం తగ్గుతుంది). రాజుగారిని ఆధారాల్లేవని తోసిపుచ్చాను. కాని ఇంజిన్ తిరుగుతుందన్న మూల ప్రకటనను మాత్రం ఎంత ప్రయత్నించినా కొట్టివేయలేకపోయాను. పాత ఇంజిన్, అందులో పీడనం తక్కువ. మీథేన్ తొందరపడి అంటుకునే రకం కాదు, వేళ కాని వేళ పేలి ఇంజిన్‌ను దెబ్బతీయదు. లెక్క ప్రకారం తిరగాలి. కార్బ్యురేటర్ తీసేసి, ప్లాస్టిక్ గొట్టానికి కుళాయి బిగించి గాలీ గ్యాసూ కలిసే ఏర్పాటు చేశాం. గ్యాసులోని కుళ్ళు వాసన పోవడానికి దాన్ని తుప్పు పట్టిన ఇనుప రజను గుండా పంపే ఉపాయం నాది. గ్యాసు ఊరి పక్కన మంగ్లాలో, గోబర్ గ్యాస్ తొట్టి ఉన్న ఒక పాలవాడి దగ్గర లారీ ట్యూబుల్లో నింపుకుని, స్కూటర్ మీద నేనే తెచ్చేవాణ్ణి. పెద్ద నల్లటి ట్యూబు మెడలో దండలా వేసుకుని, ఎవరూ బీడీ వెలిగించకూడదని మనసులో మొక్కుకుంటూ (మొక్కులకు రుజువు లేదని తెలిసీ) వస్తుంటే పాలవాడు వెనక నుంచి, "సాబ్, ఇస్‌సే జహాజ్ ఉడేగా క్యా?" అని అడిగేవాడు. విమానం ఎగరదని, ఇంజిన్ మాత్రమే తిరుగుతుందని నా పాఠ్యపుస్తక హిందీలో ప్రతిసారీ వివరించేవాణ్ణి. అది వేళాకోళమని చాలా కాలం తెలియలేదు.

ఒక ఆదివారం పిన్ని పప్పు వడ్డిస్తూ తీర్పు చెప్పింది. "వినాయక సవితికి వాకిట్లో పందిరెయ్యాల. ఆలోగా తిరిగితే మీ ఇంజిను ఉంటాది. లేపోతే తుక్కు కొనీ కబాడీవోడికి ఇచ్చీడమే."

"అదేటే, అలగంటావు?" అన్నాడు బాబాయి.

"మరెలగనాల? పండక్కొచ్చీ కోడలికి కాలెట్టడానికి సోటు లేదు గాని, ఆ ఇంజినుకి మాత్రం వానకి గొడుగు కూడానా?"

ఇంజిన్ పోతే నాకు పరీక్షించడానికేమీ ఉండదు. పరీక్షించడానికేమీ లేనివాడు ఏమని వాళ్ళ గుమ్మం ఎక్కుతాడు? ఒక ప్రకటన నిజం కావాలని నా అంతట నేను కోరుకోవడం అదే మొదలు. శాస్త్రవేత్తకు అది మంచి లక్షణం కాదు.

ఆ సాయంత్రం ఇంజిన్ ఫోటో తీసి, మా కాలేజీ మిత్రుల బృందానికి ఫోనులో పంపాను. నెలల తరబడి నా సందేశాలకు జవాబివ్వని ఆ బృందంలోంచి ఒకడు, "ఫోటో తలకిందులుగా పంపావు" అని రాశాడు. "కాదు. నేల కిందే ఉంది, సరిచూసుకో" అని రాశాను.

చవితికి ముందు ఆదివారం ప్రయోగం పెట్టుకున్నాం. ప్రొపెల్లర్ ఉండవలసిన చోట పిండిమిల్లు చక్రం బిగించి, తాడు చుట్టి, బాబాయీ నేనూ కలిసి లాగాం. దగ్గింది. మళ్ళీ లాగాం. తుమ్మింది. మూడోసారి లాగేసరికి అంటుకుంది. పెంకులు అదిరాయి, గోడ మీది పిల్లి మాయమైంది. గోబర్ గ్యాసు మీద విమానం ఇంజిన్ తిరుగుతోంది, నా లెక్క ప్రకారం. బాబాయి నా భుజం పట్టుకుని ఏదో అరుస్తున్నాడు. ఒక్క ముక్క వినబడలేదు గాని, నాకు బిలాస్‌పూర్‌లో అంతకన్నా మంచి సంభాషణ జరగలేదు.

తర్వాత నీలపు పొగ వచ్చింది. ముందు కొంచెం, తర్వాత వీధి కనబడనంత. ఇంజిన్ అడుగున ఉన్న గొట్టంలోంచి ఆయిలు ధారకట్టి పారింది. నేను కుళాయి కట్టేలోపల ఒక పెద్ద చప్పుడయి, లోపలి కడ్డీ ఒకటి ఇంజిన్ పొట్ట చీల్చుకుని బయటికి తొంగిచూసింది. ఆ నిశ్శబ్దంలో పిన్ని గొంతు పొగలోంచి వచ్చింది: "నా సీరలు ఆరేసినాను, సూసినారా?"

గదికి వెళ్ళి ఒంటరిగా ఆ ఫోటో చూస్తూ కూర్చున్నాను. మిత్రుడి మాట గుర్తొచ్చి ఫోను తిరగేశాను. ఇంజిన్ మీది తయారీదారు పలక మీద అక్షరాలు చక్కగా నిటారుగా నిలబడ్డాయి. అన్ని వారాలూ ఆ పలకను నేను మెడ వంచి, తల వాల్చి చదివాను; చదివి, అందులోని అంకెలన్నీ సరిచూశాను. వెతికితే అదే రకం ఇంజిన్ల బొమ్మలు ఎన్నో దొరికాయి. అన్నింటికీ సిలిండర్లు కిందికే వేలాడుతున్నాయి. విమానం నడిపేవాడి చూపుకు అడ్డం రాకూడదని అలాగే తయారుచేస్తారట. తిరగేస్తే గ్యాసుకు ఇబ్బంది లేదు, పాపం ఆయిలుకే దారి తప్పుతుంది. బాబాయి చెప్పిన ప్రతి మాటనూ పరీక్షించిన నేను, లారీవాడి గురించి చెప్పింది మాత్రం పరీక్షించలేదు. ప్రగల్భాలను పరీక్షించడమే నా అలవాటు, అదేమో ఫిర్యాదు.

చవితికి ముందే కబాడీవాడు వచ్చి దాన్ని తీసుకుపోయాడు. పండగ దాటిన ఆదివారం నాకు వెళ్ళడానికి కారణం లేదు. గదంతా వెతికితే మంచం కింద బాబాయి లారీ ట్యూబు ఒకటి దొరికింది. తిరిగి ఇవ్వాలి కదా అని బయల్దేరాను.

వాకిట్లో ఇటుకలు మాత్రం ఉన్నాయి. ఇద్దరం వాటికి చెరో పక్కన కూర్చున్నాం. ఇంజిన్ లేకపోతే మా ఇద్దరికీ మాటలే లేవని అప్పుడు తెలిసింది. చివరికి ఫోను తీసి అసలు సంగతి చూపించాను. ఆయన ఫోనును ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పి చూశాడు.

"అచ్ఛా," అన్నాడు. "అంటే లారీవోడు సరిగ్గానే దింపినాడన్నమాట."

"అవును, బాబాయ్."

"పాపం, ఆడిని నానా మాటలూ అన్నాను." ఫోను నా చేతికిచ్చి, "గ్యాస్ మాటకొస్తే అంటుకుంది కదా?" అన్నాడు.

"అంటుకుంది."

"అలాగే ఉంచీసుంటే ఈపాటికి తిరుగుతా ఉండును."

అలవాటు కొద్దీ, "అది రుజువు చేయడానికి ఇంజిన్ లేదు కదండీ" అన్నాను. ఆయన లేదన్నట్టు తలూపాడు. పిన్ని అన్నానికి పిలిచింది. తిని, ట్యూబు గోడకు ఆనించి వెళ్ళబోతుంటే బాబాయి దాన్ని తీసి నా మెడలో వేశాడు.

"ఇది పట్టుకెళ్ళు. ఇక్కడ సోటు లేదు. వొచ్చీ ఆదివారం తెద్దువు."

చోటు లేకపోవడమేమిటి, వాకిలంతా ఖాళీ. ఆ మాటను మాత్రం నేను పరీక్షించలేదు. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ట్యూబు తీసుకువెళ్ళాను, ప్రతి ఆదివారం తిరిగి తెచ్చుకున్నాను. బదిలీ అయి సెలవు తీసుకుంటున్నప్పుడు కూడా "వొచ్చీ ఆదివారం తెద్దువులే" అన్నాడు. ఇప్పుడది ఈ ఊళ్ళో నా అటక మీద ఉంది. సెలవు రోజుల్లో ఫోను మోగనప్పుడు దించి, తడిగుడ్డతో తుడిచి, గాలి కొట్టి చూస్తుంటాను. సాయంత్రానికి కొంచెం దిగుతుంది. ఎక్కడో సన్నటి చిల్లు ఉంది. అది ఎక్కడుందో కనిపెట్టడం నాకేమంత పని కాదు గాని, ఎందుకో వెతకలేదు.