తెల్లపొర కింద వంగపండు రంగు

2023 వానాకాలం. గుంటూరులో మా షెడ్డులో కృత్రిమ కాళ్లకు సాకెట్లు చేస్తాను. సాకెట్ అంటే మిగిలిన కాలు కూర్చునే గట్టి తొడుగు. అచ్చు మీద కార్బన్ ఫైబర్ బట్ట చుట్టి, రెజిన్ అనే జిగురు పట్టించి గట్టిపడనిస్తాం. రెజిన్‌లో ఎప్పుడూ చర్మం రంగు కలిపేవాణ్ణి. లోపల చిన్న బుడగ ఉన్నా దాని కింద కనపడదు.

ఆ ఆగస్టులో అద్దంకి నుంచి సుజాత టీచర్ వచ్చారు. రోడ్డు ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయి తొమ్మిదేళ్లయింది. వెంట వాళ్లక్క పద్మావతిగారు. మంగళగిరిలో ముప్పై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. సంచిలోంచి జరీ అంచున్న వంగపండు రంగు గుడ్డ తీసి బల్ల మీద పరిచారు.

"సాకెట్ మీద ఇది కనపడేలా చేయగలరా అండీ?" అని టీచర్ అడిగారు. "ఇన్నేళ్లూ కుచ్చెళ్లతో కప్పుకుంటూ వచ్చాను. పిల్లలు కాలికేమైందని అడిగితే మాట మార్చేదాన్ని. ఇక చాలనిపించింది."

"నేను ఆఖర్న నేసింది ఇదే బాబూ. చూపు తగ్గి మానేశాను. ఇంకో ముక్క లేదు," అన్నారు అక్క.

చేస్తానన్నాను. రంగు కలపని ఎపాక్సీ రెజిన్‌తో అంతకు ముందు పని చేయలేదని మాత్రం చెప్పలేదు.

గుడ్డను బాగా ఆరబెట్టి, కార్బన్ మీద ముడతలు లేకుండా తొడిగి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలి లాగేసి రెజిన్ ఎక్కించాను. బాగానే వచ్చింది. మెరుపు కోసం పైన ఇంకో పూత వేసిన రోజు ముసురు పట్టింది. మర్నాడు ఉదయం చూస్తే సాకెట్ అంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. అంచులో జరీ ఆనవాలే లేదు.

నునుపు చేసే గరుకు కాగితం, వాటర్ పేపర్, చేతిలోకి తీసుకున్నాను, రుద్దేద్దామని. ఎంత లోతు రుద్దాలో తెలియదు. గుడ్డ దాకా పోతే అంతే. ముందు వాళ్లకు చెప్పడం న్యాయమనిపించి ఫోన్ చేశాను. టీచర్ విని ఫోన్ అక్కకు ఇచ్చారు.

"ఆ తెలుపు పైన ఉందా, లోపలుందా?"

"తెలియదండీ."

"వేలితో రాసి చూడు."

రాశాను. మైనంలా జిడ్డుగా తగిలింది.

"అయితే పైనే ఉంది. గోకొద్దు. ముందు కడుగు," అన్నారు.

గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు వేసి, మెత్తటి స్పాంజితో కడిగాను. రెండోసారికే అరచేయంత మేర వంగపండు రంగు తేలింది. మూడోసారికి జరీ కనిపించింది. అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. తర్వాత రెజిన్ అమ్మేవాళ్లను అడిగితే తెలిసింది, గాలిలో తేమ ఎక్కువైతే రెజిన్ గట్టిపడడానికి కలిపే హార్డెనర్ పైకి తేలి అలా పొర కడుతుందట. కడగకుండా రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి ఎక్కి, మళ్లీ వేసే పూత పట్టదట. ఎండ కాసే దాకా ఆగి చివరి పూత వేశాను.

సాకెట్ తొడిగిన రోజు టీచర్ షెడ్డులో ఆ చివరికీ ఈ చివరికీ నడిచారు. అక్క వంగి, అంచు మీద వేలు పెట్టి తడిమారు. "పోగు కూడా కదల్లేదు," అన్నారు.

షెడ్డులో ఇప్పుడు తేమ కొలిచే మీటరు ఉంది. కానీ నేను అసలు నేర్చుకున్నది వేరే. తెలియని పని ఒప్పుకునేటప్పుడు తెలియదని చెప్పేస్తున్నాను. అలా విన్నాక పని వెనక్కి తీసుకెళ్లిన వాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు.