తెగులక్క చేతులు

మొక్కలకు నీళ్లు పోసేవాళ్లను చూశాం, ఎరువు వేసేవాళ్లను చూశాం. జీతం తీసుకుని మరీ రోగం అంటించేవాళ్లను చూశామా? తెగులక్క పని అదే. పరిశోధనశాల గాజుగదిలో తెగులు సోకిన బొప్పాయి ఆకులను నూరి, ఆ రసాన్ని లేత మొక్కలకు వేలితో రుద్దుతుంది. మామూలు మొక్కలు పసుపెక్కి ముడుచుకుపోతాయి. అక్కడి శాస్త్రవేత్త పెద్దమేడం తయారుచేసినవి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాయి. ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్టు, ఆ వైరస్ జన్యువులోని ముక్కనే మొక్కలో అమర్చిందావిడ.

తెగులక్క చెల్లెలికి ఊరి చివర బొప్పాయి తోట ఉంది. అదే ఆమె బతుకుతెరువు. అక్క ఆ కంచె దాటి ఏనాడూ అడుగు పెట్టలేదు. ఎవరూ వద్దనలేదు, తనకు తానే పెట్టుకున్న ఒట్టు. చేతులు తోముకుని, బట్టలు మార్చుకుని వచ్చినా ఇవతలే నిలబడి కబుర్లాడేది.

"కొత్త పెళ్లికూతురివా ఏంటి ఆ సిగ్గు? లోపలికి రా అక్కా" అని చెల్లెలు ఆటపట్టించేది.

"నా చేతులు మంచివి కావు తల్లీ" అనేది.

ఒకరోజు చెల్లెలు కంచె మీంచి ఒక కాయ అందించింది. పచ్చటి తొక్క మీద ఉంగరాల్లాంటి మచ్చలు. తను రోజూ రుద్దే తెగులే అని తెగులక్క చూడగానే పోల్చుకుంది. మనిషి బయట నిలబడినంత మాత్రాన ఆగే తెగులా అది?

"మందు కొడితే పోతుందా అక్కా?"

"దీనికి మందు లేదే. పేనుబంక పురుగు మోసుకొచ్చుంటుంది."

"మీ దగ్గర చావని మొక్కలున్నాయంటావుగా. నాలుగు తెచ్చివ్వు, మళ్లీ మొదలెట్టుకుంటాను."

ఎవర్నీ ఏదీ అడగని మనిషి, మర్నాడు చేతులు నలుపుకుంటూ మేడాన్ని అడిగింది.

"ప్రభుత్వం ఒప్పుకునేదాకా ఒక్క గింజ కూడా ఈ గది దాటకూడదమ్మా. అడిగి అడిగి నా నోరే పడిపోయింది" అంది మేడం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?

ఆ పూటా తెగులక్క రసం నూరింది, రుద్దింది. కళ్లెదుట ఆ మొక్కలు నవనవలాడుతుంటే ఏడుపొచ్చింది. ఒక్కటి సంచిలో వేసుకుంటే? చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. దొరికితే పోయేది తన ఉద్యోగం ఒక్కటే కాదు, మేడం ఇన్నేళ్ల కష్టమూ పోతుంది.

సంగతి విని చెల్లెలు తలూపి, మచ్చల కాయలు ఏరడానికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

తోటంతా పీకి తగలబెట్టే రోజు అక్క ఎప్పటిలాగే కంచె ఇవతల నిలబడింది. చెల్లెలు వచ్చి తడిక తీసి పట్టుకుంది.

"ఇప్పుడైనా రా అక్కా. నువ్వు ముట్టుకుంటే చెడేదేం మిగల్లేదిక్కడ."

తెగులక్క లోపలికి వెళ్లి మొదటి చెట్టు పట్టుకుంది. అటునుంచి చెల్లెలు పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగారు.