ఛార్జింగ్ తినేస్తున్న యాప్

ఆ వీధిలో ఫోన్లు బాగుచేసే ఆవిడను అందరూ స్క్రూ అక్క అనేవాళ్ళు. నోరు కూడా అలాంటిదే, పట్టుకుందంటే తిప్పితిప్పి బిగించేది. మెట్ల కింద మంచం పట్టేంత గది. అందులో ఒక బల్ల, భూతద్దం బిగించిన దీపం, తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్. అదే ఆవిడ లోకం.

బ్యాటరీ నిలవడం లేదని వచ్చేవాళ్ళ ఫోన్లలో బ్యాటరీని కాపాడతామనే యాప్‌లే నాలుగైదు ఉండేవి. "కంచే చేను మేస్తుంటే ఇంక మిగిలేదేముంది?" అని తిట్టి, అన్నీ పీకేసి పంపేది.

ఒకరోజు పదకొండు గంటలకు, బట్టల దుకాణంలో మిషను కుట్టే అమ్మాయి వచ్చింది. పైపెదవి చిట్లి ఉంది. ఎవరూ అడక్కుండానే, తలుపు తగిలిందని చెప్పింది.

"అక్కా, పొద్దున వంద ఉన్నది మధ్యాహ్నానికి చచ్చిపోతోంది. ఫోనెత్తకపోతే మా ఆయన ఊరుకోడు. మంచి యాప్ ఏదైనా వేసిపెట్టవూ?"

"వేసేదేం లేదు తల్లీ, తీసేదే."

అక్క సెట్టింగ్స్‌లో, ఏది ఎంత తింటోందో చూసింది. పాటలది ఆరు శాతం, వీడియోలది తొమ్మిది. అన్నిటికంటే పైన, బొమ్మ కూడా లేనిదొకటి ఏకంగా నలభై ఒకటి మింగుతోంది. తవ్వి చూస్తే అది చుట్టుపక్కల మాటలు వింటోంది. ఫోన్ ఎక్కడుందో రెండు నిమిషాలకోసారి ఎవరికో పంపుతోంది.

"ఈ ఫోన్ ఎవరి చేతికైనా ఇచ్చావా?"

అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఆయనే కొనిచ్చాడక్కా."

స్క్రూ అక్కకు ఒళ్ళు మండిపోయింది. ముందూ వెనకా చూడలేదు. "నీ మొగుడు కుక్కలాగా వాసన పట్టుకుంటూ తిరుగుతున్నాడే!" అని, ఆ యాప్‌ను అప్పటికప్పుడే పీకిపారేసింది. ఏదో ఘనకార్యం చేసినట్టు ఫోన్ చేతిలో పెట్టింది.

ఆ మాట అప్పటికే యాప్ గుండా అవతల మొగుడి చెవిలో పడింది. ఆ వెంటనే అతనికి ఫోన్‌లోంచి వినబడటం ఆగిపోయింది.

అన్నాల వేళకు అతను బట్టల దుకాణంలోకి దూరాడు. పదిమంది చూస్తుండగా పెళ్ళాన్ని జుట్టు పట్టి కిందికి లాగి, పక్కటెముకలు విరిగేదాకా తన్నాడు. అడ్డం వచ్చిన కుట్టుపని మేస్త్రీని ఇస్త్రీపెట్టెతో కొట్టాడు. అక్కణ్ణుంచి నేరుగా మెట్ల కిందికి వచ్చాడు. చొక్కా చేతుల మీద నెత్తురు ఇంకా ఆరలేదు.

"కుక్కననా అన్నావు?"

అక్క లేచేలోపే తల పట్టుకుని బల్లకేసి బాదాడు. దీపం పగిలింది. ముందుపన్ను విరిగి నాలుక మీద పడింది. కళ్ళు బైర్లు కమ్మాయి. అతను రెండోసారి తల పైకెత్తేటప్పుడు, ఆవిడ చెయ్యి తడుముకుంటూ వెళ్ళి వేడి సోల్డరింగ్ ఐరన్‌కు తగిలింది. దాన్ని అతని మణికట్టుకు అదిమిపెట్టింది. చర్మం చుయ్యిమంది. అతను అరుస్తూ కూడా జుట్టు వదల్లేదు, ఆవిడ ఎడమచెయ్యి వెనక్కి విరిచాడు. టప్పుమన్న చప్పుడు ఆవిడకే వినిపించింది. ఈసారి ఐరన్‌ను అతని చెంప మీద పెట్టింది. అప్పుడు వదిలాడు.

ఎదురు కొట్టు చెప్పులాయన సుత్తితో పరుగెత్తుకొచ్చాడు. అతన్ని వీధిలోకి ఈడ్చాక, వీధివాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు. అతని దవడ పగిలింది. ఆపండని అనాలని అక్కకు తోచలేదు. తోచినా అనేది కాదు.

నాలుగో రోజు అక్క, కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని, ఆసుపత్రిలో ఆ అమ్మాయి మంచం పక్కన కూర్చుంది.

"తప్పు నాదేనమ్మా. నిన్ను అడక్కుండా తీసేశాను."

అమ్మాయి ఊపిరి జాగ్రత్తగా పీల్చుకుంది. "తీసినందుకు కోపం లేదక్కా. ఒక్కరోజు ఆగుంటే, బట్టలు సర్దుకుని మా పిన్ని దగ్గరికి పోయేదాన్ని."



కేసు నడిచింది. అతను కొన్నాళ్ళు లోపలుండి బెయిలు మీద బయటికొచ్చాడు. అప్పటికే అమ్మాయి పిన్ని ఊళ్ళో మిషను పెట్టుకుంది. అక్క ఎడమచేతి రెండువేళ్ళు మళ్ళీ సరిగ్గా వంగలేదు.

ఆ తరువాతి ఏళ్ళలో అలాంటి యాప్ మరో ముగ్గురి ఫోన్లలో కనబడింది. ఆవిడ పైకి ఒక్క మాట అనలేదు, దేన్నీ తీయలేదు. కాగితం మీద విషయం రాసి, కింద ఒక ప్రశ్న రాసేది: "వెళ్ళడానికి చోటుందా?"

ఇద్దరు ఉందని తలూపి, సామాను సర్దుకున్నాకే తీయించుకున్నారు. మూడో ఆమె కాగితం చదివి, నాలుగు మడతలు పెట్టి, జాకెట్లో దోపుకుంది. ఫోన్ అలాగే తీసుకుని వెళ్ళిపోయింది.