నాలుగో కుర్చీ మనిషి

మా ఊరి బడిలో పోలీసులు కాపురం ఉండేవాళ్ళు. నాకు ఇన్నేళ్ళూ రాయడం రాకపోవడానికి కారణం అదే. గురజాల అవతల ఉన్న మా పల్లెలో రెండు పార్టీలు. నాకు ఆరేళ్ళప్పుడు పెద్ద గొడవ జరిగి ఊళ్ళో పికెట్ పెట్టారు. పోలీసులు ఉండటానికి బడి తప్ప వేరే పక్కా గది లేదు. వాళ్ళు బెంచీలు జరిపి పక్కలు వేసుకున్నారు, బోర్డు మేకుకు తాడు కట్టి బనీన్లు ఆరేసుకున్నారు. మగపిల్లలను పక్క ఊరి బడికి నడిపించారు. ఆడపిల్లలను ఆ దారిన పంపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పికెట్ ఎత్తేసేనాటికి నేను మిరపకోతకు పోతున్నాను.

చదువు రాలేదు గానీ ఆ ఊళ్ళో ఇంకో విద్య బాగా వంటబట్టింది. పంచాయితీకి పెద్దమనుషులు వచ్చి కూర్చుంటే, వాళ్ళు నోరు తెరవకముందే ఎవరు ఎవరి మనిషో చూసుకోవడం. మా అమ్మ తలుపు చాటున నిలబడి వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టేది. ఈయన వాళ్ళవాడు, ఆయన మనవాడు, ఆ చివరి మంచం మీదాయన ఎవరు ముందు కాఫీ ఇస్తే వాళ్ళవాడు. తీర్పు ఆమెకు అప్పుడే తెలిసిపోయేది.

అందుకని యాభై దాటాక, మంచు మీద ఆడే మగవాళ్ళకు తొమ్మిదిమంది జడ్జీలు వరసగా కూర్చుని మార్కులు వేయడం మొదటిసారి ఫోన్‌లో చూసినప్పుడు, నేను అడిగిన మొదటి మాట, "వీళ్ళు ఎవరి మనుషులు?"

"జడ్జీలకి పార్టీలు ఉండవు పిన్నీ, దేశాలు ఉంటాయి" అంది ఆ అమ్మాయి.

"దేశాలంటే ఇంకా పెద్ద పార్టీలేగా!"

ఆ అమ్మాయి నేను పనిచేసే ఇంటి చిన్నకోడలు. నరసరావుపేటలో కిరాణా వ్యాపారం వాళ్ళది. పప్పులు చెరగడం, ఎండుమిరపకాయల తొడిమలు తీయడం నా పని. చిలకలూరిపేట నుంచి కాపురానికి వచ్చిన ఈ పిల్ల డిగ్రీ చదువుకుంది. మధ్యాహ్నం షట్టరు సగం దించి ఇంట్లోవాళ్ళు నడుం వాల్చగానే వెనకగదిలోకి వచ్చి, నా పక్కన కందిపప్పు బస్తాకు ఆనుకుని ఫోన్ చూసేది. ఏం చూస్తోందోనని నాకు అనుమానం. మగవాళ్ళ బొమ్మలు కదులుతున్నాయని కంటి చివరి నుంచి కనిపించింది. కొత్త కోడలు, మధ్యాహ్నం వేళ, మగవాళ్ళు. చేట కింద పెట్టి నేరుగా తొంగిచూశాను.

బయట మే నెల ఎండ. గదినిండా మిరపఘాటు. ఆ చిన్న అద్దంలో మాత్రం తెల్లటి మంచు, దాని మీద ఒక మనిషి.

అంతకుముందు నేను మాచర్ల దగ్గర నాపరాళ్ళ పాలిష్ మిల్లులో పదకొండేళ్ళు బండలు మోశాను. రాయి కోసేటప్పుడు నీళ్ళు పోస్తారు. ఆ రాతిబురద అరికాలి కింద ఎలా జారుతుందో, మనిషి ఎలా పడతాడో నాకు బాగా తెలుసు. జారే మనిషి ముందుగా చేతులు చాపుతాడు. ఇతను చేతులు రెండూ గుండెలకు హత్తుకుని, బొంగరంలా పైకి లేచి, నాలుగు చుట్లు తిరిగి, బూటు కింద బిగించిన సన్నటి కత్తి అంచు మీద దిగాడు. దిగాక కూడా జారుతూనే ఉన్నాడు, అదేదో తన ఇష్టం మీద జారుతున్నట్టు. ఇందులో ఏదో కనికట్టు ఉందనుకున్నాను. మళ్ళీ వేయమన్నాను. మళ్ళీ, మళ్ళీ.

మా ఇద్దరినీ మొదట పట్టుకున్నది షావుకారమ్మ, ఆ అమ్మాయి అత్తగారు.

"ఏమే, మగాళ్ళు ఒంటికి అతుక్కున్న గుడ్డలేసుకొని గిరగిరా తిరగతా ఉంటే నోళ్ళు తెరుచుకొని చూస్తన్నారేంది ఇద్దరూ?"

"ఆటమ్మా ఇది" అన్నాను.

"ఆటయితే బంతేది?"

ఆమె కాసేపు నిలబడి చూసి, "నువ్వు పక్కనున్నావు కాబట్టి ఊరుకుంటన్నా. ఇది ఒక్కతే ఫోన్ పట్టుకొని మూల కూర్చుంటే మాత్రం ఆ ఫోన్ నా బీరువాలోకి పోద్ది" అని వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆ అమ్మాయికి ఆట చూసే భాగ్యం నా చేట పక్కనే.

ఆటగాళ్ళలో ఆ అమ్మాయి మనిషి పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ మొదటి మూడు స్థానాల్లో ఉండేవాడు. నా మనిషి పొట్టి, నడుం దిట్టం, ముప్పై దగ్గర పడ్డవాడు, పెద్దగా ఎవరూ ఎరగని చిన్న దేశంవాడు. ఎగిరే ముందు అరచేతిని తొడకేసి ఒకసారి రాస్తాడు. మిల్లులో మావాళ్ళు బండ ఎత్తే ముందు అలాగే రాసేవాళ్ళు. అది చూశాక నేను ఇంకొకరి వైపు ఉండలేకపోయాను.

పోటీ అయిన మర్నాటికి మార్కుల కాగితం ఫోన్‌లోకి వస్తుంది. ఒక్కో ఎగురుకు తొమ్మిదిమంది జడ్జీలు వేసిన అంకెలు వరసగా ఉంటాయి. బాగా చేస్తే అయిదు దాకా, చెడగొడితే మైనస్ అయిదు దాకా. మొదటిసారి ఆ అమ్మాయి నాకు చదివి వినిపించినప్పుడు నావాడికి అన్నీ మైనస్‌లే. నాకు ఒళ్ళు మండి, చేట విసిరి, పని మధ్యలో వదిలి ఇంటికి పోయాను. మర్నాడు మా మేనకోడలి పెళ్ళి ఉంటే నాలుగు రోజులు అటే ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి ఫోన్ బీరువాలో ఉంది. నేను బతిమాలితేనే షావుకారమ్మ బయటికి తీసింది.

ఆ తర్వాత పోటీ నుంచి నావాడి మార్కులు బాగుపడ్డాయి. "రెండు, మూడు, రెండు, రెండు..." అని ఆ అమ్మాయి చదివేది. అయినా అతను పదకొండో స్థానంలోనో, పధ్నాలుగో స్థానంలోనో ఉండేవాడు.

"మార్కులు ఇంత బాగుంటే చివరికెట్టా పోతన్నాడు?" అని ఒకరోజు నిలదీశాను.

ఆ అమ్మాయి ఫోన్ వైపే చూస్తూ, "నాలుగో జడ్జి పిన్నీ. అతనే తక్కువ వేశాడు" అంది.

అదిగో, దొరికాడు అనుకున్నాను. అప్పటినుంచి ప్రతి పోటీకీ నాలుగో జడ్జే. రెండేళ్ళు ఆ మనిషిని తిట్టాను. మా ఊరి పంచాయితీలో చివరి మంచం మీద కూర్చునే ఆసామిలాగే ఊహించుకున్నాను, గుబురు మీసాలతో, భుజం మీద తువ్వాలుతో. "ఎక్కువ వేసినదీ తక్కువ వేసినదీ తీసేసి మిగతావే లెక్కేస్తారు" అని ఆ అమ్మాయే ఇంకోసారి నోరు జారింది. మరి అలా అయితే నాలుగోవాడి ఒక్క అంకె నావాణ్ణి ఎలా ముంచుతోంది? మోసం జడ్జీలలో ఉందా, లేక చదివే నోట్లో ఉందా? ఈ పిల్ల ఆ పొడుగాటివాడి మనిషి కదా!

అంకెలు నాకు మొదటినుంచీ తెలుసు. బస్సు నంబర్లు, ఫోన్ నంబర్లు చూస్తూనే నేర్చుకున్నాను. కానీ ఆ కాగితం నిండా ఇంగ్లీషు. ఏ అంకె ఎవరిదో తెలియాలంటే పేరు తెలియాలి. చదువు రానివాళ్ళం కాగితం మాత్రం పారెయ్యం, ఏది ఎందుకు పనికొస్తుందో తెలియదు కాబట్టి. "అన్నీ నా ఫోన్‌లోకి పంపు, దాచుకుంటా" అన్నాను. పంపింది. పంపుతున్నప్పుడు ఆమె మొహం చూశాను. నాకు నచ్చలేదు.

"నేను అక్షరాలు నేర్చుకుంటన్నా. నువ్వు ఒక్క అంకె మార్చి చదివావని తేలిందో, మీ గడప తొక్కను. చెబుతున్నా ఇప్పుడే" అన్నాను.

"అట్టాగే పిన్నీ" అని నవ్వింది. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

మా వీధి పొదుపు సంఘంలో వేలిముద్ర వేసే ఆడవాళ్ళకు సాయంత్రం గంటసేపు పలక పట్టిస్తున్నారు. అక్కడ చేరాను. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారో చెప్పమన్నారు. ఒకామె సంతకానికంది, ఒకామె సెల్‌ఫోన్‌లో పేర్లు చూసుకోవడానికంది.

"ఒకామె నాకు కాగితం సరిగ్గా చదువుతోందో లేదో తేలాలి" అన్నాను.

"పొలం కాగితమా వదినా?" అంది పక్కనున్నామె.

"కాదు."

"కోర్టుదా?"

"మంచు మీద ఆటది."

గంటలో సగం నవ్వులకే పోయింది.

పలక పట్టినా నాకు నేర్పేవాళ్ళ మీద నమ్మకం కుదరలేదు. ఇది 'మా' అని వాళ్ళంటే అది 'మా' అని నాకేం తెలుసు? బస్టాండుకు పోయి మాచర్ల బస్సు ముందు నిలబడ్డాను. ఆ బస్సు మాచర్ల పోతుందని నాకు తెలుసు, ముప్పై ఏళ్ళు ఎక్కాను. బోర్డు మీద మొదటి అక్షరమూ పలక మీది 'మా' అక్షరమూ ఒకటేనా కాదా అని చూసుకున్నాను. ఒకటే. గురజాల బస్సు దగ్గర 'గు' సరిపోయింది. ఇలా ఒక్కో అక్షరాన్నీ ఒక్కో బస్సుతో రుజువు చేసుకుంటూ పోయాను. కండక్టర్లు నన్ను పిచ్చిదనుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలకు ఇంకో ఏడాది పట్టింది. వాటికి సాక్ష్యం దుకాణంలో సబ్బుల డబ్బాలు, బిస్కెట్ ప్యాకెట్లు.

మొన్న చలికాలం పోటీ అయ్యాక, ఒక సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్ తెరిచాను. కాగితాన్ని వేళ్ళతో పెద్దది చేసి, కిందికి జరుపుతూ జరుపుతూ నావాడి పేరు పట్టుకున్నాను. ఆరక్షరాలు. రెండుసార్లు కూడబలుక్కున్నాను. అతనే.

ఆ అమ్మాయి రెండు, మూడు, రెండు అని చదివిన చోట సున్నాలున్నాయి. రెండో ఎగురు దగ్గర వరసగా మైనస్‌లు, ఒకటి, రెండు, రెండు. నాలుగో గడి కోసం వేలు పెట్టి లెక్కించాను. ఎనిమిదిమంది మైనస్ వేసినచోట నాలుగో జడ్జి సున్నా వేశాడు. ఆ కిందిదానికి అందరూ సున్నా వేస్తే అతను రెండు వేశాడు. ఆ తొమ్మిదిమందిలో నావాడి మీద దయ చూపింది అతనొక్కడే.

పాత కాగితాలు తెరిచాను. జడ్జీల పేర్లున్న పేజీ చూశాను. నాలుగు అంకె పక్కన ప్రతిసారీ వేరే పేరు, వేరే దేశం. ఒకచోట ఆడమనిషి. రెండేళ్ళు నేను తిట్టిన మీసాల ఆసామి ఎక్కడా లేడు.

అప్పుడు పొడుగాటివాడివి చూశాను. ఆ అమ్మాయి మూడు అని చదివినట్టు నాకు గుర్తున్న చోట్ల నాలుగులు, అయిదులు ఉన్నాయి. తనవాడివి కోసేసింది. నావాడికి కలిపింది. నాకు రెండూ దగ్గరదగ్గరగా వినబడాలని.

ఒక్కసారిగా రక్తం తలకెక్కింది. పసిపిల్లకు గోరుముద్దలు పెట్టినట్టు నాకు మార్కులు పెట్టిందన్నమాట. పెద్దమనుషులనూ, కాగితాలనూ, పలక మీది అక్షరాన్నీ నమ్మనిదాన్ని, ఈ పిల్ల గొంతు మాత్రం విన్నాను కదా అనిపించింది. గడప తొక్కనన్న మాట మొహం మీదే చెప్పి ఉన్నాను. ఆడిన మాటకు మా ఊళ్ళో విలువ ఎక్కువ. మాట తప్పినదాన్ని ఎలా చూస్తారో చూశాను.

అరుగు మీదే కూర్చుని, ఆమె నోట మైనస్‌లు ఎప్పుడు ఆగాయో వెనక్కి లెక్కపెట్టాను. నేను చేట విసిరి పోయి, పెళ్ళిలో ఉండిపోయిన ఆ నాలుగు రోజుల తర్వాత. అవి ఆమెకు అలకలా కనిపించి ఉంటాయి. ఆ నాలుగు రోజులు ఫోన్ బీరువాలో ఉంది. ఇప్పుడు నేను మాట నిలబెట్టుకుంటే మళ్ళీ బీరువాలోకే పోతుంది, ఈసారి బతిమాలి బయటికి తీయించేవాళ్ళు ఉండరు. మోసం చేసిందా అంటే చేసింది. ఎవరి పక్షాన చేసిందా అని చూస్తే, ఎటు తిప్పి చూసినా నా పక్షానే ఉంది. మా అమ్మ వేళ్ళలో ఇలాంటి మనిషికి లెక్క లేదు.

ఫోన్ మూసేముందు ఇంకొకటి కంటబడింది. ఏడో జడ్జి ఆ పొడుగాటివాడికి ప్రతి ఎగురుకూ అయిదే వేశాడు. ఆ జడ్జి పేరు పక్కన దేశం అక్షరాలు మూడు, పొడుగాటివాడి పేరు పక్కన ఉన్నవీ అవే మూడు. ఆ మూడక్షరాలను పక్కపక్కన పెట్టి నాలుగుసార్లు పోల్చాను. నేను ఊరికే అనుమానపడలేదు. తప్పు కుర్చీని అనుమానించానంతే.

మర్నాడు పొద్దున్నే, రోజూ పోయేదానికంటే గంట ముందే పోయాను. షావుకారమ్మ ఇంకా పూజలో ఉంది. ఆ అమ్మాయి పెరట్లో అంట్లు సర్దుతోంది. నా చేతిలో ఫోన్ చూసి గిన్నె కింద పెట్టేసింది.

"కాగితం చదివాను" అన్నాను.

"ఏది పిన్నీ?"

"అన్నీ."

ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, తడి ఆరిపోయాక కూడా. "ఇంక రావా?" అంది.

"వచ్చాగా! కూర్చో ఇట్టా."

వెనకగదిలో పప్పు బస్తా పక్కన కూర్చోబెట్టి, నావాడి మార్కులు బాగుపడ్డ మొదటి పోటీ కాగితం తెరిచాను. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి నేనే పైకి చదివాను, ఆగి ఆగి. ప్రతి అంకె దగ్గరా ఆపి, "ఇక్కడ నువ్వేమని చదివావు?" అని అడిగాను. మొదట గొణిగింది. తర్వాత, "రెండు" అంది. "ఇక్కడ?" "మూడు." "సిగ్గులేదూ, మైనస్ రెండుని మూడంటావా?" "అది మరీ ఘోరంగా దిగాడు పిన్నీ, నాకే చదవబుద్ధి కాలా" అంది. అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. నేను నవ్వలేదు. ఏడో జడ్జిని చూపించి, వాడు ఎవరి మనిషో చెప్పమన్నాను. ఆమె ఫోన్ దగ్గరికి లాక్కుని చూసి, గొంతు తగ్గించి, "నిజమే పిన్నీ" అంది.

షావుకారమ్మ కాఫీకి కేకేసే వేళకు మూడు కాగితాలు పూర్తయ్యాయి. మిగతావి మధ్యాహ్నానికి పెట్టుకుని, నేను చేట అందుకున్నాను.