కంట్లో ఎముక మొలిచిన చిట్టెమ్మతో పట్నం ప్రయాణం

చిట్టెమ్మ కంటి ఆపరేషన్ కోసం నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ వెళ్లొచ్చామని చెబితే, "చిట్టెమ్మ అంటే మీ అత్తమ్మ చెల్లెలా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. కాదు. చిట్టెమ్మ గినీ పిగ్. పేరులో పంది ఉన్నా పంది కాదు, చూడటానికి తోక లేని పెద్ద ఎలుకలా ఉన్నా ఎలుకా కాదు. రెండు అరచేతుల్లో పట్టేంత ప్రాణి. గోధుమరంగు ఒళ్లు, తెల్ల మచ్చలు. గడ్డి, ఆకుకూరలు ఉంటే చాలు, లోకంతో పని లేదు. మా డిపోలో పనిచేసినామె బదిలీ మీద పోతూ రెండేళ్ల కింద దీన్ని నా చేతిలో పెట్టి వెళ్లింది. నేను బస్ కండక్టర్ని, పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇంటికి చేరతాను. కాబట్టి పెంపకమంతా మా అత్తమ్మ మీద పడింది. "ఇంట్ల ఎలుకను పెంచుతరా ఎవరన్న?" అని వారం రోజులు కసురుకున్న మనిషి, రెండో నెలకల్లా మనూర్ వైపు పొలాలకు పోయినప్పుడల్లా గట్ల మీద గరిక కోసుకురావడం మొదలుపెట్టింది. కొత్తిమీర కట్ట విప్పిన చప్పుడైతే చాలు, చిట్టెమ్మ ఈల వేస్తుంది. "వస్తున్ననే, ఆగు" అని అత్తమ్మ పరుగెత్తుతుంది. కన్నకొడుకు పిలిస్తే కూడా అంత జల్దీ పలకదు.

వానలు మొదలైన రోజుల్లో దాని కుడి కంట్లో, నల్లగుడ్డు అంచున, తెల్ల దారంపోగు లాంటిది కనిపించింది. గడ్డిపరక గుచ్చుకుందేమో అనుకున్నాం. పక్కింటామె ఆముదం చుక్క వేయమంది, నేను వద్దన్నాను. ఆ మాత్రం బుద్ధి నాకుంది, ఏ మాత్రం ఉందో ముందు ముందు మీకే తెలుస్తుంది. పశువుల దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు టార్చ్ వేసి చాలాసేపు చూశాడు. "అమ్మా, నేను బర్లను, మేకలను చూసెటోన్ని. నాకు తెల్వంది తెల్వదనే చెప్త. పట్నంల గిసొంటి చిన్న జీవాలను చూసెటోళ్లున్నరు, ఆడికి తీస్కపో" అని ఒక క్లినిక్ నంబర్ రాసిచ్చాడు. తెలియని మందు పోయకుండా దారి చూపిన ఆయనకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

నా వీక్లీ ఆఫ్ రోజు ఒక్కదాన్నే చిట్టెమ్మను పట్టుకుని పట్నం పోయి చూపించాను. ఆ క్లినిక్ చందానగర్‌లో ఉంది, ఫీజు ఆరు వందలు. అక్కడి డాక్టరమ్మ చెప్పిన మాట విని నేను రెండుసార్లు అడిగాను. కంట్లో ఎముక పెరుగుతోందట! గినీ పిగ్గుల్లో అరుదుగా కనిపించే జబ్బట ఇది. చాలావాటికి దానివల్ల ఏ బాధా ఉండదట, చూస్తూ ఊరుకోవచ్చట. కానీ మా చిట్టెమ్మకు ఆ ఎముక కంట్లోని నీటి దారిని మూసేసి, ఒత్తిడి పెంచేసింది. పది రోజులు చుక్కల మందు వేశాం. కన్ను ఇంకా ఉబ్బింది, మేత సగానికి సగం తగ్గింది, ఈల ఆగిపోయింది. క్లినిక్‌కు ఫోన్ చేస్తే, ఇక ఆ కన్ను తీసేస్తేనే ప్రాణం నిలుస్తుందని చెప్పి ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. ఈసారి అత్తమ్మ కూడా బయలుదేరింది. "గంత పెద్ద ఆపరేషన్ అయితదంటే నేను ఇంట్ల ఎట్ల కూసుంట?" అంది.

ముందురోజు రాత్రి తొమ్మిది గంటలకు అత్తమ్మ పంజరంలోంచి గడ్డంతా తీసేసింది. పోయినేడు ఆమెకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు పక్క మంచం ఆమె పొద్దున్నే చాయ్ తాగిందని ఆపరేషన్ వాయిదా వేశారు. ఆ సంగతి అత్తమ్మ మనసులో గట్టిగా పడిపోయింది. "ఖాళీ కడుపుతోని తీస్కపోవాలె, లేకుంటె వాపస్ పంపుతరు" అంది. నేనూ సరేనన్నాను. ఆపరేషన్ అంటే ఖాళీ కడుపే కదా, ఇందులో అడగడానికేముంది?

పొద్దున ఐదున్నర బస్సు ఎక్కాం. ఖేడ్ నుంచి నిజాంపేట మీదుగా నాందేడ్ రోడ్డు ఎక్కి, జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి వెళ్తుంది. రోజూ నిలబడి టికెట్లు కొట్టే రూట్‌లో ఒళ్లో వెదురుబుట్ట పెట్టుకుని కూర్చుంటే నాకే వింతగా అనిపించింది. కండక్టర్ యాదన్న నాతోపాటే డ్యూటీలో చేరినవాడు, దొరికిన అవకాశం వదులుకుంటాడా! "గా బుట్టల ఉన్నది ఆడిదా, మొగదా? ఆడోళ్లకు ఫ్రీ గద, ఆడిదైతె జీరో టికెట్ కొడ్త" అన్నాడు. "ఆడిదే" అన్నాను. "మరి ఆధార్ కార్డేది?" అనేసరికి బస్సంతా నవ్వులే. డ్రైవర్ ఖదీర్ భాయ్ మాత్రం అద్దంలోంచి బుట్టనే చూస్తున్నాడు. "అక్కా, ముంగట గుంతలున్నయ్. బుట్ట ఒడిల గట్టిగ పట్టుకో, నేను మెల్లగ పోతా" అని, వెనక లారీ ఎంత హారన్ కొట్టినా వేగం పెంచలేదు.

జోగిపేటలో ఒక ముసలామె కొత్తిమీర కట్టల గంపతో ఎక్కి మా ముందు సీట్లో కూర్చుంది. అప్పటిదాకా బొచ్చు ఉబ్బించుకుని ముడుచుకున్న చిట్టెమ్మ బుట్ట సందులోంచి మూతి బయటపెట్టి, పదిహేను రోజుల తర్వాత మొదటిసారి ఈల వేసింది. ఆ ముసలామె మురిసిపోయి ఒక రెమ్మ తుంచి అందించబోయింది. "వద్దవ్వా, దానికి ఆపరేషన్ ఉన్నది" అని అత్తమ్మ ఆ చేతిని పక్కకు నెట్టింది. నెట్టి, కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎంత గట్టి మనిషి అని నేను మనసులో మెచ్చుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా లెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎనిమిదిన్నరకు లింగంపల్లిలో దిగాం. అక్కడి నుంచి ఆటోకు వంద రూపాయలు. క్లినిక్‌లో నర్సు బరువు తూచి, "రాత్రి ఏం తిన్నది?" అని అడిగింది. "ఏం పెట్టలే బిడ్డా. తొమ్మిది గంటల సంది నీళ్లు దప్ప ఏం లేవ్" అని అత్తమ్మ గర్వంగా చెప్పింది. నర్సు ముఖం మారిపోయింది. లోపల్నుంచి డాక్టరమ్మ వచ్చి చిట్టెమ్మ కడుపు మీద చెవిగొట్టం పెట్టి విన్నది. "పేగుల చప్పుడే సరిగా లేదు. దీని కడుపు ఎండబెట్టమని మీకెవరు చెప్పారు?" అని గట్టిగా అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ముందుకొచ్చింది. "నేనే మేడం. నా కోడలు డ్యూటీల ఉండె, ఆమెకేం తెల్వదు. పక్క మంచం ఆమె చాయ్ తాగితెనే ఆపరేషన్ ఆపిండ్రు గద."

"ఆమె మనిషి అమ్మా. మనుషులు మత్తులో వాంతి చేసుకుంటారని కడుపు ఖాళీగా ఉంచుతారు. ఇవి వాంతి చేసుకోలేవు. వీటి పేగులు రాత్రీ పగలూ నడుస్తూనే ఉండాలి, ఆగితే ప్రాణమే పోవచ్చు. ఇప్పుడు మత్తు ఇవ్వలేను. మధ్యాహ్నానికల్లా తిని, పెంటికలు వేస్తే చూద్దాం. లేదంటే కన్ను సంగతి తర్వాత, ముందు ప్రాణం దక్కించుకోవాలి" అని సూది మందు వేసి వెళ్లింది.

వరండాలోకి వచ్చి ఫోన్ తీశాను. ముందురోజు సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చిన మెసేజ్ ఉంది. పైన టైమ్ ఒక్కటి చూసుకుని మూసేసిన మెసేజ్. కిందికి జరిపితే, బయలుదేరే వరకు మేత పెట్టండి, ఉపవాసం ఉంచవద్దు, అలవాటైన మేత వెంట తెండి అని తెలుగులోనే రాసి ఉంది. చిల్లర లేదని పెద్దవాళ్ల మీద కూడా గొంతు లేపే దాన్ని, లోపలికి వెళ్లి "తప్పు నాది" అని ఒక్క మాట చెప్పలేకపోయాను. ఫోన్ సంచిలో వేసుకున్నాను. సిగ్గేసింది, భయమూ వేసింది.

గడ్డిపొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో తాగించాలని నర్సు చూపించింది. చిట్టెమ్మ మొదటి గుక్క ఉమ్మేసింది. రెండోదీ అంతే. అప్పుడు అత్తమ్మ కొంగు ఒళ్లో పరుచుకుని దాన్ని తీసుకుంది. ఆమె పుట్టింట్లో గొర్రెలుండేవి, తల్లి చచ్చిన పిల్లలకు పాలు పట్టిన చేతులవి. "ముంగట పెడితె ఉమ్ముతది. బుగ్గ పక్కకెంచి పెట్టాలె. తొందర జెయ్యొద్దు" అని చుక్క చుక్కగా వదలసాగింది. చిట్టెమ్మ నమలడం మొదలుపెట్టింది. అరగంటకోసారి నేను టైమ్ చెప్పాలి, ఆమె పట్టాలి. పదిన్నర, పదకొండు, పదకొండున్నర. పన్నెండైనా పెంటికలు లేవు. పక్కన చిలుకను తెచ్చినామె, ఎదురుగా కుక్కను పట్టుకున్నాయన కూడా మా వైపే చూస్తున్నారు. పన్నెండూ నలభైకి అత్తమ్మ కొంగు దులిపి ఒక్క కేక పెట్టింది. "ఏసింది! మేడం, ఏసింది! ఐదున్నయ్ సూడుండ్రి!" అని పెంటికలను అరచేతిలో పెట్టుకుని డాక్టరమ్మ గదిలోకే నడిచింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇంకో గంట మేత పట్టించి, మళ్లీ కడుపు విని, రెండు గంటలకు లోపలికి తీసుకెళ్లారు. జొన్నరొట్టెలు, పల్లికారం తెచ్చుకున్నాం గానీ నేను మూట విప్పలేదు. "తిను. ఒక్కదాన్ని ఎండబెట్టింది సాలు" అని అత్తమ్మ రొట్టె నా చేతిలో పెట్టింది. యాభై నిమిషాలకు డాక్టరమ్మ బయటికి వచ్చి, కన్ను తీసేశామని, ఊపిరి బాగుందని చెప్పింది. చిన్న సీసాలో ఆ ఎముకను కూడా చూపించింది. బియ్యపుగింజలో సగం లేదు. "గింతదానికి గంత నొప్పా!" అని అత్తమ్మ సీసాను ఎంతసేపో తిప్పి తిప్పి చూసింది.

నాలుగున్నరకు చిట్టెమ్మ పూర్తిగా లేచింది. కన్నున్న చోట బొచ్చు గీసేసి, నాలుగు కుట్లు. దానంతట అది తింటేనే గండం గడిచినట్టని చెప్పారు. క్లినిక్ వాళ్ల ఖరీదైన గడ్డి ముందు పెడితే మొహం తిప్పుకుంది. అత్తమ్మ సంచిలోంచి తడిగుడ్డ విప్పింది. ఆపరేషన్ అయ్యాక పెడదామని ముందురోజే మనూర్ గట్ల మీద కోసి తెచ్చిన గరిక అది. ఒక పరక మూతి దగ్గర పెట్టింది. చిట్టెమ్మ వాసన చూసింది. ఇంకోసారి చూసింది. పట్టుకుని లాగి, కరకర నమిలింది. రెండోది, మూడోది, నాలుగోది ఆలస్యమయ్యేసరికి ఈల! వరండా అంతా వినపడేలా ఈల! కుక్క మొరిగింది, చిలుక అరిచింది, చిలుకను తెచ్చినామె చప్పట్లు కొట్టింది. నేను నలుగురిలో భోరున ఏడ్చేశాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

ఆ రాత్రికి దాన్ని క్లినిక్‌లోనే ఉంచుకున్నారు, మేం పటాన్‌చెరులో మా చెల్లె ఇంట్లో పడుకున్నాం. మందులతో కలిపి మొత్తం పదకొండు వేలయింది. పొద్దున పది గంటలకు చిట్టెమ్మను తీసుకుని ఖేడ్ బస్సెక్కాం. సంగారెడ్డి దాటాక ఇక ఆగలేక చెప్పేశాను. "అత్తమ్మా, మేత పెట్టుమని వాళ్లు ముందే మెసేజ్ పంపిండ్రు. నేనే సదువలే. తప్పు నాది."

అత్తమ్మ బుట్ట మీది గుడ్డ సర్దుతూనే ఉంది. "నాకెర్కనే పిల్లా. నిన్న నువ్వు వరండాల ఉన్నప్పుడే ఆ నర్సు నాతోని చెప్పింది. మళ్ల మేడంతోని చెప్పకు బిడ్డా అని నేనే ఆపిన."

"ఎందుకు?"

"ఇద్దరం తిట్లు తింటె, దానికి తినిపిచ్చేదెవరు?"

ఆమె భుజానికి ఆనుకుని కూర్చున్నాను. అల్లాదుర్గం వచ్చేదాకా ఆమె కూడా జరగలేదు.

ఇదంతా అయి నెల దాటింది. కుట్లు కరిగిపోయాయి, బొచ్చు మొలిచింది, చిట్టెమ్మ మునుపటికంటే లావెక్కింది. ఎలుకకు ఇంత అవసరమా అని అడిగేవాళ్లను మా ఇంటికి రమ్మంటున్నాను. వచ్చి ఆ ఈల విని పోండి, తర్వాత మాట్లాడుకుందాం. చిట్టెమ్మను గట్టెక్కించింది ఎవరని అడిగితే నేను మా అత్తమ్మ పేరే చెబుతాను, ఆమె మాత్రం గరిక పేరు చెబుతుంది. మీలో ఎవరైనా ఇలాంటి ఆపరేషన్ చేయించి జీవాన్ని ఇంటికి తెచ్చుకుంటుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. పోయిన కన్ను వైపు నుంచి చెయ్యి పెడితే అది ఉలిక్కిపడుతుంది. ముందు పేరు పెట్టి పిలవండి, ఆ తర్వాతే ముట్టుకోండి. నేను ఇప్పటికీ ఎడమ పక్క నుంచే వెళ్తాను. అత్తమ్మ ఏ పక్క నుంచి వెళ్లినా ఫరవాలేదు, ఆమె తలుపు దగ్గర "వస్తున్ననే" అనగానే చిట్టెమ్మ అటు తిరిగి ఉంటుంది.