నేను చూసిన అక్క చావు

గద్వాలల మాది మగ్గం ఇల్లు. చీర ఒళ్ళు నూలు, అంచు పట్టు. అంచుల బొమ్మ ఎట్ల లేవాల్నో నా చేతులకే ఎరుక. పక్కింటోళ్ళతోని ముచ్చట పెట్టుకుంటనే నేసేదాన్ని. ఏ పోగు తర్వాత ఏ రంగు దారం రావాల్నో ఎవ్వరూ చెప్పే పనిలేకుండె.

నిరుడు వానకాలం నాకు జెరమొచ్చింది. మామూలు జెరమే అనుకున్న. అది ఊపిరితిత్తులకు పాకి, రక్తమంత విషమైందట. కర్నూలుకు తీస్కపోయి, గొంతుల గొట్టమేసి, మిషన్ మీద ఊపిరి ఆడించిన్రట. ఇదంత మా ఆయన చెప్పంగ తెలిసింది. నాకు యాదున్నది వేరే.

నాకు యాదున్నదేందంటే, మా అక్క చచ్చిపోయింది. నా పక్క మంచం మీద పండబెట్టి తెల్లగుడ్డ కప్పిన్రు. కాళ్ళు బయటికుండె. అక్క మట్టెలే కనపడ్డయి. లేద్దామంటే నా చేతులు కట్టేసి ఉన్నయి, అరుద్దామంటే గొంతు లేదు.

ఇంటికొచ్చినంక అక్క ఊసు ఎవ్వరూ ఎత్తలే. నేను తట్టుకోనని దాస్తున్నరనుకున్న. ఒకనాడు మా ఆయన అన్నం తింటుంటే అడిగిన.

"అక్క దినాలు ఎవరు చేసిన్రు?"

ఆయన ముద్ద పళ్ళెంల పెట్టిండు. "ఏం మాట్లాడుతున్నవే? నువ్వు దవాఖానల ఉన్నప్పుడు మీ అక్క వచ్చి చూసిపాయె గద."

అప్పుడే ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టిండు. "చెల్లె, మంచిగ తింటున్నవా?" అని గొంతు వినపడ్డది. అక్క గొంతే. కాని అక్క బిడ్డ గొంతు గూడ అచ్చం గట్లనే ఉంటది. ఆ పిల్లతోని మాట్లాడిపిస్తున్నరేమో అనిపించింది.

అటు మగ్గం మీద కూసుంటే చేతులు ఏం చెయ్యాల్నో తెల్వక నిలబడ్డయి. బొమ్మ సగంల చెడిపోయేది. విప్పి మళ్ళ నేస్తే మళ్ళ చెడేది. కూరల ఉప్పు ఏసిన్నో లేదో తెల్వకపోయేది. బజారుకు పోయి, ఎందుకొచ్చిన్నో మర్చి నిలబడేదాన్ని. గాలి సోకిందని మా అత్త దర్గాకు తీస్కపోయి తాయెత్తు కట్టించింది.

ఇగ తట్టుకోలేక, ఎవ్వరికీ చెప్పకుండ వనపర్తి బస్సెక్కిన. అక్కది వనపర్తి అవతల పెద్దమందడి. వనపర్తిల దిగంగనే తలకాయంత ఖాళీ అయింది. ఎటు పోవాలె, ఎందుకు దిగిన, ఏం తెల్వదు. బస్టాండ్ల బల్ల మీద చానసేపు కూసున్న. ఎదురుంగ ఒకామె కాళ్ళు చాపుకొని కూసుండె. ఆమె మట్టెలు చూస్తే యాదికొచ్చింది. ఆటో ఎక్కిన.

అక్క చేన్ల పత్తి ఏరుతున్నది. నన్ను చూసి పరేషానయింది. "ఒక్కదానివే ఎట్లొచ్చినవే?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్న. ఎండకు కాగి వేడిగుంది. "నువ్వు చచ్చిపోయినవు గద" అన్న.

అక్క నవ్వలే. ఒడిల పత్తి కింద పెట్టి, నన్ను గట్టు మీద కూసుండబెట్టి, అంత చెప్పమన్నది. చెప్పిన. విని అన్నది.

"నేనొచ్చిన దినం నీ పక్క మంచమామె చచ్చిపోయింది చెల్లె. ఆమె మీద గుడ్డ కప్పుతుంటే నేను నీ దగ్గరనే నిలబడి ఏడ్సిన."

"మరి మట్టెలు?"

"నాకు తెల్వదు. నేనటు చూడలే."

అక్క మా ఆయనకు ఫోన్ చేసి నేను తనకాడున్నట్టు చెప్పింది. మర్నాడు తనే నన్ను వనపర్తిల ఒక డాక్టర్ దగ్గరికి తీస్కపోయింది. ఆయన మొత్తం అడిగి తెలుసుకొని చెప్పిండు. జబ్బు గంతగనం ముదిరితే ఒంట్ల పుట్టిన వాపు మెదడుకు గూడ తగుల్తదట. దానికి తోడు ఊపిరి చాలకపోవుడు, మత్తు మందులు. యాది పెట్టుకునేకాడ, పని ఒక వరుసల చేసుకునేకాడ దెబ్బ పడ్తదట. మత్తుల సగం చూసిందానికి మెదడే మిగతాది అల్లుకుంటదట.

"ఇది పిచ్చి గాదమ్మా. ప్రాణం మీదికొచ్చి బతికినోళ్ళల్ల చానమందికి ఐతది."

"మునుపటి లెక్క ఐతనా సారు?"

"కొంత ఐతవు. ఎంతనో నేను చెప్పలేను."

ఇంటికొచ్చినంక మా ఆయనకు అంత చెప్పిన. ఆయన బొమ్మల అంచు తన మగ్గం మీదికి మార్చుకొని, నా మగ్గం మీద బొమ్మల్లేని ఒట్టి అంచు చీర ఎక్కిచ్చిండు. అది నేస్తున్న. మునుపటి కంటె నిదానం. కొన్ని దినాలు చేతులు బాగ నడుస్తయి. కొన్ని దినాలు పొద్దున ఏం చేసిన్నో మధ్యాహ్నానికి దొరకదు. అక్క బతికే ఉన్నదని నాకు ఎరుకే. ఆమె చావు చూసింది గూడ యాదుంది. రెండిట్ల ఏదీ పోతలేదు.

మొన్న అక్క వచ్చింది. తిని, మగ్గం పక్కన చాప మీద ఒరిగింది. నేను నేసుకుంట నేసుకుంట ఆపి, వంగి చూసిన, ఊపిరి ఆడుతున్నదా అని.

అక్క కండ్లు తెర్వకుండనే అన్నది. "ఉన్న తియ్యి. నేసుకో."